వంతు లైను

ఆ ఏడు ముంగారులో, తొలకరి రోజుల్లో, మా ఇంట్లో రెండు వింతలు జరిగాయి. జూన్ మొదట్లోనే విత్తనానికి సరిపోయే పదును వాన పడింది. మా ఆడబిడ్డ మల్లీశ్వరికి గార్లదిన్నెలోనే ఉద్యోగం దొరికింది. మా అత్త హనుమంతమ్మ వానను నమ్మింది గానీ ఉద్యోగాన్ని నమ్మలేదు. ఫోన్లు ఎత్తడానికి జీతమెవరిస్తారని ఆమె అనుమానం. ఎత్తే పిల్లలు వేరే ఉన్నారనీ, మల్లీశ్వరి ఆ ఫోన్లు మోగేలా చూస్తుందనీ నేను చెప్పబోతే, "మోగేటివి వాటంతట అవే మోగుతాయి గదమ్మే" అనేసి చాట తీసుకుని వెళ్లిపోయింది.

ఆ ఫోన్లు ఎలా మోగుతాయో నాకూ తెలియదు. తెలియనిదేదైనా కంటబడితే అది తెలిసేదాకా నాకు అన్నం సయించదు. పెళ్లయిన కొత్తలో మా ఆయన గంగాధర్ ఇదేదో జబ్బనుకున్నాడు. తర్వాత తర్వాత అలవాటు పడ్డాడు. మల్లీశ్వరి మాత్రం మొదటి నుంచీ నన్ను ఆ విషయంలో ఎగదోసేది. పాలిటెక్నిక్‌లో ఆమె ఎలక్ట్రానిక్స్ చదువుతున్నప్పుడు సెలవులకు వస్తే, నేను వంకాయలు తరుగుతూ అడిగేదాన్ని, ఆమె తినడానికి తెచ్చుకున్న బొరుగులు నేల మీద పేర్చి చెప్పేది.

మల్లీశ్వరికి ఉద్యోగమిచ్చిన సంఘం సంగతి చెప్పాలి. గార్లదిన్నెలో మూతపడిన శెనక్కాయల మిల్లు ఒకటుంటే, రైతుల సంఘం దాన్ని బాడుగకు తీసుకుంది. గార్లదిన్నె, పామిడి, రాప్తాడు మండలాల రైతులు అందులో సభ్యులు. వానకూ వానకూ మధ్య చేను వాడిపోతుంటే సంఘానికి ఫోన్ చేయాలి. వాళ్లు ట్యాంకరునూ, నీళ్లు చిమ్మే రెయిన్ గన్‌నూ పంపిస్తారు. పురుగు పడినా, విత్తనం కావాలన్నా అదే ఫోన్. ట్యాంకర్లు మాత్రం కొన్నే. వాటిలో ఒకటి మా ఆయనే తోలుతాడు. ఆ ఏడు ఆయన చాలామంది చేలకు నీళ్లు మోశాడు, మా చేనుకు తప్ప.

శెనక్కాయ విత్తనం పడ్డాక కాస్త తీరిక దొరికితే నేను మిల్లుకు వెళ్లాను. ఒకప్పుడు కాయలు ఒలిచే యంత్రం ఉన్న చోట బల్లలు వేసి ఉన్నాయి. ఆడపిల్లలు చెవులకు తొడుగులు పెట్టుకుని కూర్చున్నారు. గోడకు బెజ్జం కొట్టి, అందులోంచి వేలంత లావు నల్ల తీగ ఒకటి లోపలికి తెచ్చి, బూడిదరంగు డబ్బాకు తగిలించారు. ఇంతమంది మాటలు ఈ ఒక్క తీగలోంచే పోతాయా అని అడిగాను. పోతాయంది మల్లీశ్వరి.

"ఇది మనదేనా?"

"మనది కాదొదినా. లీజు లైను. కంపెనీ వాళ్ల దగ్గర కౌలుకు తీసుకున్నాం. మనం మాట్లాడినా మాట్లాడకపోయినా ఇరవైనాలుగ్గంటలూ మనకే."

భూమిని కౌలుకివ్వడం చూశాను, చింతచెట్లను ఇవ్వడం చూశాను, తీగను కౌలుకివ్వడం అదే మొదటిసారి వినడం. ఆమె ఇంకా చెప్పింది. తీగలో ఒకసారికి ఒక్కటే పోతుందట. అందుకని లోపల వంతు తిరుగుతుంది. మొదటివాడి మాటలో ఒక ముక్క, రెండోవాడి మాటలో ఒక ముక్క, అలా చివరివాడి దాకా పోయి, మళ్లీ మొదటివాడి దగ్గరికి. ఒక్క సెకనులో ఎనిమిది వేల సార్లు ఆ వంతు తిరుగుతుంది కాబట్టి ఎవరికీ తెగినట్టు తెలియదు. వంతుకో గది చొప్పున మొత్తం ముప్పై రెండు గదులు. ఒకటి ఆ వంతులు అడుగు తప్పకుండా చూసుకునేవాడిది, ఇంకొకటి ఎవరు పిలిచారు, ఎవరు పెట్టేశారు అనే కబురు మోసేవాడిది. మిగిలిన ముప్పైలో మనుషులు మాట్లాడుకోవచ్చు. ఇలా గదులు కట్టిన దాన్ని ఛానలైజ్డ్ లైను అంటారంది.

"ఒక గదిలో మాట్లాడేవాడు లేడనుకో. వాని వంతు వచ్చినప్పుడు ఏమైతాది?"

"ఖాళీగా పోతాది."

"పక్క గదోడు తీసుకోకూడదా?"

"కూడదు వదినా. అందుకే ఎవరి మాటా ఎవరి దాంట్లో కలవదు, యాడా తెగదు."

నాకు నవ్వొచ్చింది. ఈ సంగతి తెలుసుకోవడానికి నేను మిల్లు దాకా రానక్కర్లేదు. మా చేని గట్టు మీద ఉన్నది అదే.

మా మామ బసప్పకు, చిన్నమామ వీరప్పకు కలిపి ఒకే బోరు. భాగాలు పంచుకున్నప్పుడు అన్నీ తెగాయి గానీ బోరును కోయలేరు కదా. మూడు రోజులు మాది, మూడు రోజులు వాళ్లది. రాతి స్తంభానికి స్టార్టరు డబ్బా ఉంటుంది. మా వంతులో దానికి మా తాళం. మూడో రోజు పొద్దుగూకగానే మేం మాది తీసుకొచ్చేస్తాం. మర్నాడు పొద్దున చిన్నత్త సుబ్బలక్ష్మమ్మ వచ్చి వాళ్లది పెడుతుంది. వాళ్ల వంతు అయ్యాక తనే వచ్చి తీసుకుపోతుంది. అన్నదమ్ములకు మాటల్లేవు. కారణం ఎవరినడిగినా ఒక్కో రకంగా చెబుతారు. మాటలు లేకపోయినా ఇన్నేళ్లలో నీళ్ల దగ్గర ఒక్క తగవు రాలేదంటే ఆ వంతు వల్లే. వాళ్ల రోజుల్లో ఆ డబ్బాను మేం ముట్టం సరే, అటువైపు నడవం కూడా. మా చేనికే మేం పక్కన పారే వంకలోకి దిగి చుట్టూ తిరిగి పోతాం.

అయితే ఆ ఏడు చిన్నమామ విత్తనం వేయలేదు. గుట్ట మీది గాలిమరల కంపెనీలో జీపు తోలే పని దొరికింది, చేను బీడు పెట్టేశాడు. బీడైనా సరే, వాళ్ల వంతు రాగానే చిన్నత్త వచ్చి డబ్బాకు తాళం పెట్టి పోయేది. ఆ మూడు రోజులూ మోటారు మూగగా పడి ఉండేది. ఖాళీ వంతే కదా, ఒక మాట అడుగుదామని మా ఆయన ఒకసారి అంటే, మామ తల కూడా ఎత్తలేదు. వాళ్లది వాళ్లది, వాడుకోకపోయినా వాళ్లదే అన్నాడు. ఆ తర్వాత ఆ మాట ఎవరూ ఎత్తలేదు.

సంఘంలో మాట్లాడుకోవడానికి ముప్పై దారులు వచ్చాయని తెలియగానే డైరెక్టర్లలో మొదలైంది గొడవ. అధ్యక్షుడు దివాకర్‌ది పామిడి. పెద్ద రైతు, రాజకీయం తెలిసినవాడు. రాప్తాడు తరఫున బయమ్మ. గార్లదిన్నె తరఫున మా మామే. ఎవరి మండలం వాళ్లు ఎక్కువ ఫోన్లు చేసి ట్యాంకర్లన్నీ లాక్కుంటారోనని ముగ్గురికీ ఒకరి మీద ఒకరికి గుబులు. అప్పుడు మల్లీశ్వరే లేచి, మండలానికి పది దారులు పంచేద్దాం, ఒక్కో మండలానికి ఒక్కో నంబరు పెడదాం, మా బోరు దగ్గర ఇట్లే చేసుకున్నాం, ఏ తగవూ లేదు అని చెప్పిందట. కూతురు నలుగురిలో తన బోరు వంతును మెచ్చుకోవడం మా మామకు ఎంత నచ్చిందంటే, ఆ వారం టీ అంగడి దగ్గర ఆ మాట వినని మనిషి లేడు.

ఫోన్లెత్తే పిల్లలు రైతును ఏమేం అడగాలో కూడా మల్లీశ్వరే రాసింది. నన్ను రైతును చేసి, ఇంటి ముందర మంచం మీద కూర్చోబెట్టి సరిచూసుకుంది. పేరు, ఊరు, ఎన్ని ఎకరాలు, పైరు ఏ దశలో ఉంది. నేను బాగా గడుసు రైతునై అన్నిటికీ అబద్ధాలు చెబుతున్నాను, అత్త నవ్వుతోంది. ఆ తర్వాత, "మీకు దగ్గర్లో బోరు ఉండాదా? ఎవరిది? వాళ్లకు ఇప్పుడు నీళ్లు అవసరమా? అడిగినారా?" అంది. ట్యాంకర్లు తక్కువ కాబట్టి ముందు అది తెలుసుకోవాలట. అరుగు మీద బీడీ కాలుస్తున్న మామ చెప్పులు తొడుక్కుని వీధిలోకి నడిచాడు. ఇద్దరం మాట మార్చేశాం.

జులై అంతా మబ్బులు వచ్చాయి, పోయాయి. ఆగస్టులో అవి రావడం కూడా మానేశాయి. వేరుశెనగ చెట్టుకు పూత రాలి ఊడలు దిగే అదను అది. ఊడ భూమిలోకి దిగితేనే కాయ. పైన ఎర్రమట్టి పెంకులా గట్టిపడితే ఊడ దిగలేక గాలిలోనే వేలాడి మాడిపోతుంది. మా వంతు మూడు రోజుల్లో బోరు పోసే నీళ్లు చేనులో సగానికి కూడా చాలేవి కావు. తడిపిన మడి, మళ్లీ వంతు వచ్చేలోపు తడపనట్టే అయ్యేది. అత్త పొద్దున లేచి మొదట ఆకాశం వైపు చూసేది, తర్వాత ఎవరినో ఒకరిని తిట్టేది.

రాప్తాడు వైపు మాత్రం మంచి వాన పడింది. మా వైపు వాన అంతే, ఒక మండలంలో రోడ్డు తడిసి, పక్క మండలంలో దుమ్ము లేస్తుంది.

మామ సంఘానికి ఫోన్ చేయడం మొదలుపెట్టాడు. ఆయనది చిన్న ఫోన్. చెవి కొంచెం మందం కాబట్టి ఎప్పుడూ స్పీకరు పెట్టే మాట్లాడతాడు. గార్లదిన్నె నంబరు నొక్కేవాడు. లైన్లన్నీ రద్దీగా ఉన్నాయని ఒక ఆడగొంతు చెప్పేది. బీడీ ముట్టించి, అది అయిపోయాక మళ్లీ నొక్కేవాడు. అదే గొంతు. నాలుగు రోజులు చూసి, నేను ఉండబట్టలేక మల్లీశ్వరి సెల్లుకే చేయండి మామా, ఆమె అక్కడే కదా కూర్చున్నది అన్నాను. కనీసం మీ అబ్బాయికి చెబితే ట్యాంకరు ఇటే తిప్పుకొస్తాడు అన్నాను.

"ఆ పిల్ల సెల్లుకు చేస్తే రేపు ఆ పిల్లను ఏమంటారు? డైరెక్టరు కూతురు, వాళ్ల నాయనకు ముందు పంపించుకునె అంటారు. లైన్లో వస్తేనే చెప్పుకుంటా. రాకపోతే లేదు పుష్పా."

నాకు ఒళ్లు మండింది. చేను ఎండిపోతుంటే ఈ పంతమేమిటనుకున్నాను. అదే సమయంలో, ఇలాంటి మనిషి ఇంటికి కోడలిగా వచ్చినందుకు గర్వంగానూ అనిపించింది. రెండూ ఒకేసారి అనిపిస్తే మనిషి ఏం చేస్తుంది, వెళ్లి గేదెకు మేత వేశాను.

ఆ సాయంత్రం మల్లీశ్వరి వచ్చి చెప్పుల కాళ్లతోనే గడప మీద కూలబడింది. నేను నాలుగు రోజుల సంగతీ చెప్పేశాను. ఆమె ముఖం చూస్తే చెప్పకుండా ఉండాల్సిందేమో అనిపించింది.

"రాప్తాడు దారులు పదీ ఖాళీగా ఉండాయి వదినా. ఆ పది మంది పిల్లలు చేతులు కట్టుకొని కూర్చోనుంటారు. పక్కనే పామిడి పదీ, మనవి పదీ నిండిపోయి ఉంటాయి. బయటోళ్లు కొట్టుకొని కొట్టుకొని పెట్టేస్తాండారు. పదిపది అని చెప్పింది నేనే."

ఆ మాటంటూ ఏడ్చేసింది. నేనెప్పుడూ ఆమె ఏడవడం చూడలేదు. పాలిటెక్నిక్‌లో ఒక సబ్జెక్టు తప్పినప్పుడు కూడా నవ్వుతూ వచ్చి చెప్పిన పిల్ల.

రెండు రోజుల తర్వాత లైను కంపెనీ నుంచి నరేంద్ర అనే ఇంజనీరు అనంతపురం నుంచి వచ్చాడు. నేను మా ఆయనకు క్యారియరు ఇచ్చే వంకన అక్కడే తిరుగుతున్నాను. అతను చెప్పింది, మల్లీశ్వరి నాకు మళ్లీ విడమరిచి చెప్పింది, నాకు అర్థమైనంత వరకు ఇది. ఆ తీగనే, అంతే లావు తీగనే, గదులు లేకుండా కూడా తీసుకోవచ్చు. దాన్ని అన్‌ఛానలైజ్డ్ అంటారు. లోపలి అడ్డుగోడలు కొట్టేసి మొత్తం ఒకే సాలుగా చేస్తారు. మాటను చిన్న చిన్న మూటలుగా కట్టి, ప్రతి మూట మీదా ఎవరికి పోవాలో రాసి వదులుతారు. మాట్లాడేవాడి మూటలు పోతాయి. ఊరకున్నవాడు ఏమీ వాడుకోడు. మనం ఫోన్లో సగం సేపు అవతలివాళ్లు చెప్పేది వింటూ ఊరకే ఉంటాం కదా, ఆ సందులో కూడా ఇంకొకరి మాట దూరిపోతుంది. అందుకని ముప్పై కంటే ఎక్కువ మందే పడతారు.

అంత మంచిదైతే మొదటే అది ఎందుకు తీసుకోలేదని అడిగాను.

ఎందుకంటే అందులో ఒక చిక్కుంది. వంతు లైనులో ముప్పై ఒకటోవాడు లోపలికి రాలేడు గానీ, వచ్చిన ముప్పై మంది మాటా గంట కొట్టినట్టు వినిపిస్తుంది. గోడలు లేని దాంట్లో జనం ఎగబడితే అందరి మాటా తెగిపోతుంది, ఎవరికీ ఏమీ అర్థం కాదు. ఎందరిని రానివ్వాలో గుమ్మం దగ్గర మనమే చూసుకోవాలి. అప్పుడు ఏది మంచిదో చెప్పమన్నాను. ఏ ఊరికి ఏది మంచిదో తీగ చెప్పదు వదినా అంది మల్లీశ్వరి. ఆ పూట నేను వంట చేస్తూ చాలాసేపు ఆ సంగతే ఆలోచించాను. ఇంత చిన్న డబ్బాలో ఇంత పెద్ద తగవు ఉందని ఎవరనుకుంటారు?

డైరెక్టర్ల సమావేశం మిల్లు వరండాలోనే జరిగింది. సభ్యులెవరైనా వినొచ్చు కాబట్టి నేనూ వెళ్లి స్తంభానికి ఆనుకుని కూర్చున్నాను. దివాకర్ వెంటనే సరేనన్నాడు, పామిడి ఎండుతోంది కదా మరి. బయమ్మ ఒప్పుకోలేదు. ఈ పొద్దు మాకు వాన పడింది కాబట్టి మా దారులు ఖాళీ, రేపు మాకు పురుగు పడితే పామిడోళ్లు లేచి దారిస్తారా అని అడిగింది. ఆమె అడిగినదాంట్లో తప్పేమీ లేదు. ఏ మండలానికైనా మూడు దారులు ఎప్పుడూ వదిలే ఉంచుతాననీ, మిగిలినవే అందరివీ అనీ మల్లీశ్వరి చెప్పింది. బయమ్మ ఆలోచిస్తానంది. అందరూ మా మామ వైపు చూశారు. ఆయన టీ గ్లాసు కింద పెట్టాడు.

"మనం వాడుకోకుండా వదిలిపెట్టినాం. వేరేవాళ్లు దాంట్లో మాట్లాడతాండారు. అప్పుడే మనకు కావాల్సొచ్చె. తిరిగొస్తాదా అది?"

"వస్తాది నాయనా."

"వాళ్ల మాట మధ్యలో తెంచుతావా?"

"తెంచను. వాళ్లది అయిపోతానే నీకొస్తాది. ఒకరు మాట్లాడుకునేంత సేపు ఓర్చుకోవాల."

"అంతేనా?"

"అంతే."

మామ చెయ్యెత్తాడు. ఆయన ఎత్తాక బయమ్మ కూడా ఎత్తింది. తన బోరు వంతు చూసి కూతురు పెట్టిన పదిపది లెక్కను తన చేత్తోనే తీసేశాడు.

కొత్త డబ్బాలు వచ్చి, రెండు కొసలా బిగించి, అంతా సర్దుకునేసరికి వారం పైనే పట్టింది. ఈ లోపు మా చేనులో ఎగువ మడులు ఆకు ముడిచేశాయి. మూడు నంబర్లు పోయి ఒకే నంబరు వచ్చింది. మొదటి పూట జనం ఒక్కసారిగా ఎగబడి, నరేంద్ర చెప్పినట్టే, మాటలన్నీ ముక్కలైపోయాయట. ఒకామె 'పురుగు' అంటే 'పు' మాత్రమే వినిపించిందట. మల్లీశ్వరి గుమ్మం దగ్గర లెక్క తగ్గించింది. మధ్యాహ్నానికి గొంతులు సాఫీ అయ్యాయి. రాప్తాడు బల్లల దగ్గర ఊరక కూర్చున్న పిల్లలు పామిడి రైతులతో మాట్లాడుతున్నారు.

ఆ మర్నాడు మామ అరుగు మీద కూర్చుని నంబరు నొక్కాడు. నేను పక్కనే కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతున్నాను. రెండు మోతలకే ఎత్తారు. ఎత్తే పిల్లల్లో ఒకరు రాలేదట, ఆ బల్ల దగ్గర మల్లీశ్వరే ఉంది. స్పీకరులో ఆమె గొంతు మా అరుగంతా వినిపించింది. మామ గొంతు సవరించుకున్నాడు గానీ, పేరు పెట్టి పిలవలేదు. ఆమె కూడా నాయనా అనలేదు.

"పేరు చెప్పండి."

"బసప్ప."

ఊరు అడిగింది, చెప్పాడు. ఎకరాలు అడిగింది, చెప్పాడు. పైరు ఏ దశలో ఉందంటే, ఊడలు దిగేది దిగలేక ఉండాయని చెప్పాడు. ట్యాంకరుకు ముందు చాలామంది ఉన్నారనీ, వారం పట్టవచ్చనీ ఆమె చెప్పింది. వారానికి అక్కడ తడపడానికి ఏమీ మిగలదని ముగ్గురికీ తెలుసు. నా చేతిలో చాట ఆగిపోయింది, తర్వాత ఏం రావాలో నాకు తెలుసు కాబట్టి.

"మీకు దగ్గర్లో బోరు ఉండాదా?"

"ఉండాది."

"ఎవరిది?"

"ఈ మూడు రోజులు మా తమ్ముంది."

"ఆయనకు ఇప్పుడు నీళ్లు అవసరమా?"

మామ బీడీ కోసం జేబు తడుముకున్నాడు. అది దొరకలేదు. "అవసరం లేదు. బీడు పెట్టినాడు."

"అడిగినారా?"

ఫోన్ తెగిపోయిందేమోనని నేను వంగి చూశాను. తెగలేదు. అవతల ఇంకెవరివో మాటలు సన్నగా వినిపిస్తున్నాయి.

"అడగలేదు" అన్నాడు చివరికి.

"అడిగి చూడండి. ఇయ్యకపోతే మళ్లీ ఫోన్ చెయ్యండి, మీ పేరు తీసెయ్యను." అని పెట్టేసింది. ప్రతి రైతుకూ చెప్పే మాటే అది. ఒక్క అక్షరం ఎక్కువ లేదు.

మామ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. ఆ తర్వాత పంచె బిగించి కట్టుకుని, "పుష్పా, నువ్వు గూడా రా" అన్నాడు. ఎక్కడికని నేను అడగలేదు. జీవితంలో నేను ప్రశ్న అడగని సందర్భం అదొక్కటే అయ్యుంటుంది.

చిన్నమామ ఇల్లు మా ఇంటికి నాలుగిళ్ల అవతల. ఆయన డ్యూటీకి పోవడానికి ఖాకీ చొక్కా తొడుక్కుని, జీపు అద్దం తుడుస్తున్నాడు. అన్న వస్తున్నది చూసి గుడ్డ పక్కన పెట్టేశాడు. చిన్నత్త వాకిట్లోకి వచ్చి కొంగు సర్దుకుని నిలబడింది. ఎవరూ కూర్చోమనలేదు, ఎవరూ కూర్చోలేదు.

"వీరా" అన్నాడు మామ. ఆ పిలుపు నేను కోడలిగా వచ్చాక వినడం అదే మొదలు. "నీ వంతు నీళ్లు నాకియ్యి. నీకు కావాల్సినప్పుడు తిరిగిస్తా."

చిన్నమామ అన్న ముఖంలోకి చూశాడు. ఆయన కళ్లలో కోపం ఉంది, దాని కింద ఇంకేదో ఉంది.

"నేనిచ్చేదేంది? ముంగారు విత్తనం పడినప్పటి నుంచి ఆ తాళం ఏస్తే గదా. ఊరికే తగిలించి వస్తాంది మీ మరదలు. నువ్వు లాగి చూసింటే కదన్నా."

మామకు అర్థం కాలేదు. నాకూ కాలేదు. చిన్నత్తే చెప్పింది, తాళం కొక్కెం నొక్కకుండా వదిలేసి, పైకి తాళం వేసినట్టే కనబడేలా డబ్బాకు వేలాడేసి వస్తున్నానని, చేను బీడు పెట్టిన రోజే ఈయన అలా చేయమన్నాడని. మరి ఒక మాట చెప్పి ఉండకూడదా అని నేను అడిగేశాను. అప్పటికి నా నోరు నాకు తిరిగి వచ్చింది.

"ఎట్ల చెప్పేదమ్మే?" అన్నాడు చిన్నమామ. "నీళ్లు తీసుకోపో అని పెద్దోనికి నేను దానమిస్తునా? ఆయప్పే తీసుకుంటాడులే అని చూస్తాంటి."

నలుగురం కలిసి బోరు దగ్గరికి నడిచాం. వంక చుట్టూ తిరగలేదు, అడ్డంగా గట్టు మీదే నడిచాం. వాళ్ల రోజుల్లో మేం తప్పించుకు తిరిగే ఆ గట్టు మీద ఎండుగడ్డి కాళ్లకు గుచ్చుకుంది. స్టార్టరు డబ్బాకు తాళం వేలాడుతోంది, దూరం నుంచి చూస్తే గట్టిగా వేసినట్టే ఉంది. మామ దాని ముందు నిలబడ్డాడు. చెయ్యి చాచాడు, మళ్లీ తీసేసుకున్నాడు. అన్నేళ్ల అలవాటు ఒక్క అడుగులో పోయేది కాదు. నన్ను లాగమన్నాడు.

లాగాను. ఏ బలమూ పెట్టనక్కర్లేకపోయింది, తాళం నా చేతిలోకి వచ్చేసింది. మామ దాన్ని నా దగ్గర తీసుకుని, బొటనవేలితో తడిమి చూశాడు. "ఎగువ మడులు పోయినాయి గదరా" అన్నాడు. చిన్నమామ తల తిప్పుకున్నాడు. ఇద్దరూ ఏడుస్తున్నారని చిన్నత్తకూ నాకూ తెలిసింది, మేమిద్దరం పోయి పైపుల దగ్గర పని కల్పించుకున్నాం. ఆ ఎగువ మడుల పక్కగా పోయినప్పుడల్లా ఇప్పటికీ అదే అనుకుంటాను. నీళ్లు లేక కాదు కదా ఎండింది.

మోటారు వేశారు. నీళ్లు పడిన చోట ఎర్రమట్టి మెత్తబడి, ఊడలు ఒక్కొక్కటే కిందికి దిగడం ఆ వారంలో నేను వంగి వంగి చూశాను. ఎగువన పోయింది పోగా, దిగువన మంచి కాపే వచ్చింది. పైరు పీకాక మామ మాట నిలబెట్టుకున్నాడు. మా వంతు నీళ్లు కూడా కలుపుకుని చిన్నమామ తన బీడులో ఉలవలు చల్లుకున్నాడు. తాళాలు మాత్రం ఇద్దరూ పారేయలేదు. ఎవరి వంతులో వాళ్లది ఇప్పటికీ తగిలిస్తారు, నొక్కరు.

మోటారు వేసిన రోజు సాయంత్రం సంగతి ఒకటి మిగిలింది. మోటారు తిరుగుతుండగానే మామ ఫోన్ మోగింది. సంఘం నంబరు, మల్లీశ్వరి గొంతే. ఫోన్ చేసిన ప్రతి రైతుకూ వాళ్లు పొద్దుగూకేలోపు తిరిగి చేసి కనుక్కుంటారు.

"బసప్పగారా? బోరాయన్ను అడిగినారా? మీకు ట్యాంకరు ఇంకా కావాలా?"

మామ గట్టు మీద నిలబడి, తమ్ముడు మడులకు నీళ్ల మడవలు తిప్పుతున్న వైపు చూశాడు.

"వొద్దు తల్లీ. నా వంతు వేరేవాళ్లకియ్యి."

మోటారు మోతలో ఆమెకు వినపడలేదు. ఏమన్నారని మళ్లీ అడిగింది. ఆయన ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని, ఇంకోసారి, గట్టిగా చెప్పాడు.